గుమ్మం ముందు ఆగిన రథం

(రేడియో ప్రసంగ పాఠము)

 

సంక్రాంతికి రెండు రోజుల ముందు మీరెప్పుడైనా కీసర టోల్‌గేటు దగ్గర గాని, జగ్గయ్యపేట దగ్గర చిల్లకల్లు టోల్‌గేటు దగ్గర గాని నిలబడి చూశారా? హైదరాబాదు నుండి వచ్చే కార్లు బారులు తీరి ఉంటాయి. అవన్నీ మన ఊళ్లకే. నందిగామ చుట్టుపట్ల పల్లెలకు, మైలవరం, తిరువూరు వైపు మెట్ట గ్రామాలకు మన పిల్లలే వస్తున్నారు. మంచిదే. కాని బిడ్డ వచ్చి కాళ్లు కడుక్కోక ముందే అరుగు మీద ఒక మాట వినబడుతుంది. "మీ అబ్బాయి ఏ కారులో వచ్చాడు?" బాగున్నాడా, చిక్కిపోయాడా అని తరువాత అడుగుతారు. ముందు కారు. పోయిన ఏడాది కారే మళ్లీ తెచ్చాడంటే, పాపం ఉద్యోగం ఎలా ఉందో ఏమో అనుకొంటారు. అద్దె కారులో వస్తే సరే సరి.

నేడు ఈ సంగతి గురించే మీతో మాట్లాడాలని ఆశపడుచున్నాను. మనం ఎక్కి తిరిగే బండిని చూసి మనతో పనిచేసేవారు మనల్ని ఎలా అంచనా కడతారు? మనం వారిని ఎలా అంచనా కడుతున్నాం? ఇది చిన్న సంగతి అనుకోకండి. దీని వలన అప్పులపాలైన ఇళ్లు నేను చూశాను. నా సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే తప్పు చేసినవాడు ముందు ఒప్పుకోవాలి గదా.

నేను మైలవరం వైపు ఒక ఉన్నత పాఠశాలలో మాస్టారుగా పని చేశాను. విజయవాడ నుండి రోజూ సుమారు 40 కిలోమీటర్లు. ఇబ్రహీంపట్నం, కొండపల్లి, జి.కొండూరు మీదుగా బస్సులో నిలబడి వెళ్లిన రోజులు ఎన్నో. 1999లో సెకండ్ హ్యాండ్ మారుతి 800 కొన్నాను. తెల్ల కారు. మా స్కూలులో అప్పటికి కారు ఉన్న మాస్టారిని నేనొక్కడినే. మా హెడ్మాస్టరు గారికి ఒక పాత టీవీఎస్ మోపెడ్ ఉండేది. ముందు టిఫిను క్యారియరు, వెనుక రిజిస్టర్ల సంచి.

ఆ కారు వచ్చిన నెల లోపలే నాకు తేడా తెలిసింది. అంతకు ముందు పిల్లల తండ్రులు నన్ను "మాస్టారూ" అనేవారు, ఇప్పుడు "సార్" అన్నారు. స్టాఫ్ రూములో నా మాట కొంచెం బరువెక్కింది. జీతం ఆ జీతమే, పాఠం ఆ పాఠమే. బ్యాంకులో గుమాస్తా కూడా కూర్చోమన్నాడు!

రెండేళ్ల తరువాత ఒకనాడు పై అధికారి ఒకాయన తనిఖీకి వచ్చారు. ఆయన జీపు, నా కారు, హెడ్మాస్టరు గారి మోపెడ్ ఇంచుమించు ఒకేసారి గేటు దగ్గరకు చేరాయి. హెడ్మాస్టరు గారు మోపెడ్‌కు స్టాండు వేస్తున్నారు. నేను కారు తలుపు మూసి నిలబడ్డాను. ఆ అధికారి నేరుగా నా దగ్గరకు వచ్చి చెయ్యి కలిపి, "ఆవరణ బాగా ఉంచారు, హెడ్మాస్టరు గారూ" అన్నారు.

ప్రియులారా, నేనేమన్నానో తెలుసా? "థాంక్యూ సార్" అన్నాను.

గేటు నుండి వరండాకు యాభై అడుగులుంటుంది. ఆ యాభై అడుగులూ ఆయన నాతో మాట్లాడుతూ నడిచారు, నేను జవాబులు చెబుతూ నడిచాను. మా హెడ్మాస్టరు గారు వెనుక రిజిస్టర్ల సంచితో వస్తున్నారు. వరండాలో అటెండరు ఆఫీసు తాళం ఆయన చేతికి ఇచ్చినప్పుడు గాని అధికారికి అర్థం కాలేదు. ఆయన నవ్వేశారు, నేనూ నవ్వాను. హెడ్మాస్టరు గారు కూడా నవ్వారు. ఆ దినం గడిచిపోయింది. కాని ఆ యాభై అడుగులు నన్ను వదలలేదు.

ఇది నిన్న మొన్న పుట్టిన జబ్బు కాదు. జగ్గయ్యపేట పాత బౌద్ధ స్తూపం దగ్గర దొరికిన ఒక రాతి పలక ఉన్నది. రెండు వేల ఏండ్లనాటిది. దాని మీద ఒక చక్రవర్తి నిలబడి ఉంటాడు. ఇతడు చక్రవర్తి అని చూసేవానికి ఎలా తెలియాలి? అతని పక్కన ఏనుగును, గుర్రాన్ని చెక్కాడు శిల్పి. ఇక కొండపల్లి బొమ్మలు చూడండి. తెల్ల పొణికి కర్రతో చేసిన అంబారీ ఏనుగు మీద కూర్చున్నవాడు రాజు అని చిన్న పిల్లవాడు కూడా చెబుతాడు. ఆ రాజునే దించి ఎడ్లబండిలో పెడితే రైతు అంటాడు. బొమ్మ మారలేదు, వాహనం మారింది. మన దేశంలో ఏనుగు పోయి అంబాసిడర్ వచ్చింది, దాని నెత్తిన ఎర్ర బుగ్గ వచ్చింది. బుగ్గ కారు వస్తోందంటే ఊరు ఊరంతా పక్కకు తప్పుకొనేది. 2017 మే 1 నుండి ఆ బుగ్గలు తీసివేయమని కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వు చేసింది, తీసివేశారు. నెత్తి మీది బుగ్గ తీయడం తేలికే, మన కళ్లలోని బుగ్గ తీయడమే కష్టం.

మన కళ్లు ఎంత పని చేయగలవో చూడాలంటే నానో కారు కథ వినాలి. మీలో చాలామందికి జ్ఞాపకం ఉండవచ్చు. రతన్ టాటా గారు ఒక కుటుంబాన్ని స్కూటరు మీద చూశారట. తండ్రి నడుపుతున్నాడు, ముందు ఒక బిడ్డ నిలబడింది, వెనుక తల్లి, ఇంకొక బిడ్డ. నలుగురు ఒక స్కూటరు మీద. మన మైలవరం రోడ్డు మీద ఏ ఆదివారం నిలబడినా ఇదే కనబడుతుంది గదా. వీరికి వాన తగలని, పడిపోని బండి ఒకటి ఇవ్వాలని ఆయన మనసులో పుట్టింది. 2008 జనవరిలో ఢిల్లీ ప్రదర్శనలో ఆ కారు చూపించారు. కర్మాగారం దగ్గర ధర లక్ష రూపాయలు. ప్రపంచమంతా ఆశ్చర్యపడింది. పత్రికలన్నీ ప్రపంచంలోకెల్ల చౌకైన కారు అని రాశాయి. 2009లో అమ్మకాలు మొదలైనాయి.

ఆ కారుకు కష్టాలు చాలా వచ్చాయి, అది నిజం. బెంగాల్‌లో సింగూరు భూముల గొడవ వలన కర్మాగారాన్ని గుజరాత్‌లోని సానంద్‌కు మార్చవలసి వచ్చింది. కొన్ని బండ్లకు నిప్పంటుకొన్న వార్తలు వచ్చాయి, జనం భయపడ్డారు. అవి ఒక ఎత్తు. ఇంకొక ఎత్తు ఉన్నది. ఎవరి కోసం ఆ కారు చేశారో ఆ స్కూటరు కుటుంబమే దానిని కొనలేదు! ఎందుకు కొనలేదు? "చౌక కారు" అన్న పేరు దాని మీద పడింది. స్కూటరు మీద వెళితే ఎవడూ ఏమీ అనడు. నానోలో వెళితే, "వీడికి ఇంతకన్నా శక్తి లేదు" అని ఆఫీసులో అందరికీ తెలిసిపోతుంది. ఆ భయం. చౌక కారు అని ముద్ర పడడమే పొరపాటు అయిందని రతన్ టాటా గారే తరువాత చెప్పారు. సానంద్ కర్మాగారం ఏడాదికి 2,50,000 బండ్లు చేయడానికి కట్టారు. ఏ ఒక్క ఏడాదీ అందులో సగం కూడా అమ్ముడుపోలేదు. 2018 జూన్ నెలలో అక్కడ తయారైన నానో ఒకే ఒక్కటి. ఆ సంవత్సరంతో దాని పని అయిపోయింది.

కాస్త ఆగి ఆలోచించండి. ఆ నలుగురూ స్కూటరు మీదనే ఉండిపోయారు. వాన వచ్చినప్పుడు తడిశారు. లారీ పక్కన నుండి వెళ్లినప్పుడు ఆ తల్లి బిడ్డను గట్టిగా పట్టుకొంది. వారిని అక్కడ ఉంచినది డబ్బు లేకపోవడం మాత్రమే కాదు. పక్క టేబులు దగ్గర కూర్చున్నవాడు ఏమనుకొంటాడో అన్న సంగతి కూడా. ఆ పక్క టేబులువాడు ఎవరు? నేనే. మీరే.

ఇంకొకటి చెప్పాలి. 2022 మేలో రతన్ టాటా గారు ముంబైలో తాజ్ హోటల్‌కు అదే నానో కారులో వచ్చారు. వెంట పెద్ద హడావుడి లేదు. ఆ దృశ్యం ఫోన్లన్నిటిలో తిరిగింది. ఎంత నిరాడంబరుడు, ఎంత గొప్పవాడు అని అందరూ పొగిడారు. పొగడవలసినదే. 2024 అక్టోబరులో ఆయన కన్నుమూసినప్పుడు కూడా ఆ నానోను మళ్లీ జ్ఞాపకం చేసుకొన్నారు. అయితే ఆ కారులోనే ఒక ప్రైవేటు కాలేజీ లెక్చరర్ వస్తే ఏమంటాం? పిసినారి అంటాం. లేదా పాపం అంటాం. కారు ఒక్కటే, దిగినవాడు వేరు.

మన గన్నవరం నుండి మూడుసార్లు శాసనసభకు గెలిచిన పుచ్చలపల్లి సుందరయ్య గారి సంగతి పెద్దవారికి తెలుసు. 1952లో రాజ్యసభకు వెళ్లినప్పుడు పార్లమెంటుకు సైకిలు మీద వెళ్లేవారు. ఆయన దారి వేరు, మన విశ్వాసం ఆయనకు లేదు, అయినా మంచిని మంచి అనడానికి సిగ్గేమిటి? కాని ఇక్కడ కూడా చూడండి. ఆయన భూములున్న ఇంట పుట్టినవారు, సైకిలును కోరి ఎంచుకొన్నారని అందరికీ తెలుసు. అదే పార్లమెంటుకు సైకిలు మీద వచ్చిన బంట్రోతులు ఎందరున్నారో! వారి గురించి ఎవరూ కథ చెప్పుకోలేదు. కనుక నేను మీకు, "చిన్న బండి ఎక్కండి, గౌరవం వస్తుంది" అని చెప్పడం లేదు. రాదు. పేరున్నవాడు చిన్న బండి ఎక్కితే గౌరవం, పేరు లేనివాడు ఎక్కితే చులకన. లోకం తీరు ఇది. దాచిపెట్టి మాట్లాడితే మీరు నన్ను నమ్మరు.

మరి వాక్యము ఎవరితో మాట్లాడుచున్నది? యాకోబు పత్రిక రెండవ అధ్యాయము తీసి చూడండి. బంగారు ఉంగరము, మంచి బట్టలు ఉన్నవాడొకడు సమాజములోనికి వచ్చుచున్నాడు, మాసిన బట్టలతో ఒక బీదవాడును వచ్చుచున్నాడు. మొదటివానికి మంచి చోటు చూపుచున్నారు, రెండవవానిని నిలువమనుచున్నారు లేదా కాళ్ల దగ్గర కూర్చుండమనుచున్నారు. ఇక్కడ అపొస్తలుడు ఎవరిని గద్దించుచున్నాడు? ధనవంతుల అన్యాయము గురించి కొంచెము తరువాత మాట్లాడతాడు, కాని ఈ సంగతిలో ఉంగరమువానిని ఒక్క మాట అనలేదు. అతడు బహుశా రోజూ వేసుకొనే బట్టలతోనే వచ్చి ఉంటాడు. గద్దింపు కుర్చీ చూపినవానికి! గుమ్మము దగ్గర నిలబడి, ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలో కంటితో కొలిచినవానికి. ఇన్నాళ్లూ ఈ అధ్యాయము చదివి పక్కింటి ధనవంతుని తలచుకొన్నాను. ఒక రోజు ఆ యాభై అడుగులు జ్ఞాపకం వచ్చాయి, అప్పుడు నాకు తగిలింది.

రథముల సంగతి బైబిలులో చాలా చోట్ల ఉన్నది. అబ్షాలోము రథమును గుర్రములను సంపాదించి, తన ముందర పరుగెత్తుటకు ఏబదిమందిని పెట్టుకొన్నాడు. ఇంకా రాజు కాలేదు, రాజు వలె కనబడుట ముందు మొదలైంది. మన భాషలో చెప్పాలంటే, ప్రమోషను రాకముందే ప్రమోషను కారు కొన్నాడు. దాని గురించి ఎక్కువ చెప్పను, అతని అంతము మీకు తెలుసు.

నయమాను సంగతి మాత్రం నిదానంగా చూద్దాం. రాజులు రెండవ గ్రంథము అయిదవ అధ్యాయము. సిరియా సైన్యాధిపతి, కుష్ఠరోగి. గుర్రములతోను రథముతోను వచ్చి ఎలీషా గుమ్మము ముందర నిలిచాడు. మన ఇంటి ముందు అంత పెద్ద బండి ఆగితే ఏం చేస్తాం? చెప్పులు వేసుకోకుండానే బయటికి పరుగెత్తమా? ఎలీషా బయటికి రాలేదు. ఒక సేవకుని పంపి, వెళ్లి యొర్దానులో ఏడుమారులు స్నానము చేయుమని చెప్పించాడు. నయమానుకు కోపం వచ్చింది. రోగము కుదురుతుందా కుదరదా అన్నది తరువాత, ముందు ఆయన బయటికి రావలసింది గదా! ఎలీషా రథమును చూడలేదు, రోగిని చూశాడు. ఆ రథములో కూర్చున్నవానికి అంతకంటే మేలు ఎవరు చేయగలరు? అందరూ అతని రథమును చూసి వంగినవారే, చర్మము గురించి మాట్లాడినది ఇంట్లోని ఒక చిన్నది మాత్రమే.

అయితే అసలు విషయం అధ్యాయము చివర ఉన్నది. నయమాను బాగుపడి తిరిగి వెళ్లుచుండగా గేహజీ వెనుక పరుగెత్తాడు. అతనిని చూచి ఆ సైన్యాధిపతి రథము దిగాడు. గుమ్మము ముందర రథముతో వచ్చి నిలిచినవాడు, ఒక ప్రవక్త పనివానిని చూచి తానే దిగి ఎదురు వచ్చాడు. అతని చర్మముతో పాటు ఇంకేదో కూడా బాగుపడింది. మరి గేహజీ? ఎలీషాతో ఒకే ఇంట్లో పని చేసినవాడు. అదే రథమును ఇద్దరూ చూశారు. ఒకడు చూచి లోపలనే ఉన్నాడు, ఒకడు చూచి వెంట పరుగెత్తాడు. పరుగెత్తినవానికి ఆ కుష్ఠు అంటుకొన్నది.

నా యౌవన సహోదరులారా, మీతో ఒక లెక్క మాట్లాడతాను, మాస్టారిని గదా. కొత్తగా ఉద్యోగం వచ్చింది, ఆఫీసు ముందు కార్లు చూశారు, మీకూ కావాలనిపించింది. ఎనిమిది లక్షలు అప్పు, నూటికి ఏడాదికి 9 రూపాయల వడ్డీ, ఏడేండ్ల గడువు అనుకోండి. నెలకు సుమారు 12,870 రూపాయలు కట్టాలి. ఏడేండ్లలో 10 లక్షల 81 వేలు కడతారు. ఇన్సూరెన్సు, పెట్రోలు, టైర్లు వేరే. షోరూములో నెల కిస్తీ ఒక్కటే చెబుతారు, మొత్తం చెప్పరు, మీరే అడిగి కాగితం మీద వేయించుకోండి. ఆ కిస్తీ కట్టలేక అమ్మ మందుల చీటీ వాయిదా వేసిన ఇల్లు నాకు తెలుసు. చెల్లెలి ఫీజు ఆగిన ఇల్లు తెలుసు. వారు కారు కోసం అప్పు చేయలేదు, నలుగురి కళ్ల కోసం చేశారు. ఆ నలుగురూ ఆ కారును ఒక వారం చూసి ఊరుకొన్నారు. కిస్తీ మాత్రం 84 నెలలు.

ఇలా అన్నానని, కారు కొన్నవాడిని చూసి మొహం చిట్లించకండి. అదీ కొలవడమే. రాత్రివేళ ఫోను వస్తే బయలుదేరవలసిన డాక్టరమ్మకు కారు కావాలి. నడవలేని తండ్రి ఉన్నవానికి కావాలి. పసిబిడ్డతో రోజూ ఆ దూరం వెళ్లే టీచరమ్మకు కావాలి. మా సేవకుల కూడికల్లోనే ఒక చిత్రం చూశాను. ఒకాయన పల్లెలు తిరగడానికి పాత కారు కొన్నాడు. సగం మంది సేవకులు, ఇతనికి డబ్బెక్కడిదని గుసగుసలాడారు. మిగతా సగం ఆయనను వేదిక మీద కూర్చోబెట్టడం మొదలుపెట్టారు. వాన పడినా ఇప్పుడు కొండ అవతలి పల్లెకు వెళ్లగలుగుతున్నావా తమ్ముడూ అని అడిగినవాడు మాత్రం నాకు కనబడలేదు.

కనుక నేను మీకు చెప్పగలిగింది ఒక చిన్న పని. రేపు మీ ఆఫీసు గేటు దగ్గర, మీ బడి గేటు దగ్గర, బండి ఆగిన చప్పుడు వినబడినప్పుడు మీ కళ్లు ముందు ఎక్కడికి వెళుతున్నాయో చూసుకోండి. బస్సు దిగి చెమటతో వచ్చిన వానికి ముందు నమస్కారం పెట్టండి. కొత్తగా చేరిన కుర్రవాడు పాత స్కూటీ మీద వస్తే, "ఇంకా ఇదేనా?" అని నవ్వులాటకైనా అనకండి. ఆ ఒక్క మాట ఎనిమిది లక్షలు చేస్తుంది.

మా హెడ్మాస్టరు గారి సంగతి చెప్పి ముగిస్తాను. ఆయన రిటైరై నందిగామ దగ్గర తన ఊళ్లో ఉంటున్నారు. పోయిన వేసవిలో నేను వెళ్లాను. ఆ పాత సంగతి ఎత్తి, "హెడ్మాస్టరు గారూ, ఆ రోజు నేను చెప్పవలసింది, చెప్పలేదు. క్షమించండి" అన్నాను. ఆయనకు జ్ఞాపకం ఉండదేమో అనుకొన్నాను. ఉన్నది. "ఆయనను బట్టి నాకు బాధ లేదు మాస్టారూ, కొత్త మనిషి, బండిని చూసి అనుకొన్నాడు. నేను మీ వెనుకే నడిచాను గదా, వరండా వచ్చేలోపు మీరు చెబుతారేమో అని చూశాను" అన్నారు. నేను తల వంచుకొన్నాను.

కాసేపాగి ఆయనే లేచి కిటికీలోంచి చూసి, "కారు మామిడిచెట్టు కింద పెట్టారేమిటి మాస్టారూ, కాయలు రాలుతున్నాయి, అద్దం పగులుతుంది, పక్కకు తీయండి" అన్నారు. వెళ్లి తీశాను. ఆయన కూడా నాతో బయటికి వచ్చి, వెనుక నిలబడి, రండి, రండి, చాలు అని చెయ్యి ఊపుతూ దారి చూపించారు.

వచ్చే వారం ఇదే సమయానికి మళ్లీ కలుసుకొందాం. అంతవరకు సెలవు.